మూడో ఫేడరు

మా నాయనకు కుడిచేయి పడిపోయాక కూడా ఏడు నెలల పాటు ఆ చేయి మా రికార్డింగు గదిలో పని చేస్తూనే ఉండేది. ఇది దయ్యాల కథ కాదు. కంప్యూటరుకు తగిలించిన ఒక బోర్డు మీద ఎనిమిది ఫేడర్లుండేవి. ఫేడరంటే పైకీ కిందికీ జరిపే మీట. ఒక్కొక్కటి ఒక్కో గొంతునో, ఒక్కో వాయిద్యాన్నో పెంచుతుంది, తగ్గిస్తుంది. చేయి వాటిని ఎట్లా జరిపిందో కంప్యూటరు గుర్తు పెట్టుకునేది. మళ్ళీ పాట పెడితే బోర్డు లోపలి చిన్న మోటార్లు ఆ ఫేడర్లను అట్లాగే, అదే చోట, అంతే నిదానంగా జరిపేవి. నాయన పక్కన కుర్చీలో కూర్చునేవాడు. చేయి ఒళ్ళో పడి ఉండేది. ఆ చేయి ఎప్పుడో చేసిన పని ఎదురుగా కదులుతూ ఉండేది.

ఆ కదలికను నేనే పోగొట్టాను. ఎవరికైనా చెప్పుకుంటే, "పాట సీడీలో భద్రంగా ఉంది కదా, ఇంకేం పోయింది?" అంటారు. ఏం పోయిందో చెప్పాలంటే మొదట ఆ చేయి సంగతి చెప్పాలి.

నాయనకు పెనుకొండలో మైకుసెట్టు ఉండేది. తొంభైలలో ఆ చుట్టుపక్కల మైకుసెట్లకు కరువేమీ లేదు. కానీ హరికథ చెప్పేవాళ్ళు మాత్రం నాయన వస్తేనే ఒప్పుకునేవాళ్ళు. మిగతావాళ్ళు యాంప్లిఫయరు పెట్టి, నాబులు ఒకచోటికి తిప్పి, బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయేవాళ్ళు. నాయన కథ అయ్యేదాకా కదిలేవాడు కాదు. బొటనవేలూ చూపుడువేలూ గొంతు మైకు నాబు మీద, ఉంగరపు వేలూ చిటికెనవేలూ మృదంగం మైకు నాబు మీద పెట్టుకొని కూర్చునేవాడు. హరిదాసు రాగం తీస్తూ పైకి పోతే చేయి ఒక్క పిసరు తగ్గేది. ఆయన ఊపిరి అయిపోయి మాట సన్నబడే వేళకు మళ్ళీ పెరిగేది. వినేవాళ్ళకు ఆ గొంతు ఎప్పుడూ నిండుగానే ఉండేది. మధ్యలో ఒక చేయి ఉందని ఎవరికీ తెలిసేది కాదు.

"గొంతు తగ్గినాక పెంచేది పెంచడం కాదు పాపా," అనేవాడు. "తగ్గబోతాందని ముందే తెలుసుకొని పోవాల చెయ్యి."

"ఎట్ల తెలుస్తాది నాయనా?"

"ఆయప్ప భుజాలు చూడు. ఊపిరి అయిపోతే భుజాలు దిగుతాయి."

నాకు ఆ చేయి రాలేదు. మా అవ్వ నోరు మాత్రం ఉన్నదున్నట్టు వచ్చింది. కోపం ముక్కు మీదుంటుంది నాకు. నోరు మంచిదైతే ఊరు మంచిదని అమ్మ చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉంది. నేను ఊళ్ళు మార్చాను గానీ నోరు మార్చుకోలేదు.

హిందూపురంలో డిగ్రీ చదివి, ప్యాసింజరు రైల్లో బెంగుళూరు పోయి వస్తూ, అక్కడ ప్రకటనలు రికార్డు చేసే ఒక స్టూడియోలో రెండేళ్ళు పని నేర్చుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో హిందూపురంలోనే సొంతంగా గది పెట్టాను. కింద శనక్కాయ విత్తనాల అంగడి, పైన నా గది. శబ్దం గోడలకు తగిలి వెనక్కి రాకుండా మూడు వైపులా బొంతలు కట్టి, పైకప్పుకు కోడిగుడ్ల అట్టలు అంటించాను. ఇంటాయన కన్నడం తెలుగూ కలిపి మాట్లాడే మనిషి. తలెత్తి చూసి, "ఏనమ్మా, పాటలంటివి. కోళ్ళఫారం పెడ్తాండావా?" అన్నాడు. గోరంట్ల నుంచి చర్చి పాటలవాళ్ళు, మడకశిర వైపు నుంచి కన్నడ భజనలవాళ్ళు, పల్లెల నుంచి కోలాటం జట్లు బస్సు దిగి నేరుగా వచ్చేవాళ్ళు. పని బాగానే నడిచింది.

పాటలో ఎవరి గొంతు ఎక్కడ పెరగాలో, ఎక్కడ తగ్గాలో అప్పుడు మౌసుతో గీసేదాన్ని. స్క్రీన్ మీద ఒక్కో గొంతుకు ఒక గీత ఉంటుంది. గీతను పైకి లాగితే గొంతు పెరుగుతుంది, కిందికి లాగితే తగ్గుతుంది. ఒకసారి గీసిపెడితే పాట పెట్టిన ప్రతిసారీ అట్లాగే పలుకుతుంది. నాకు అది గొప్ప విద్యలా ఉండేది. నాయనను పిలిపించి, కూర్చోబెట్టి, ఒక పాట వినిపించాను. కళ్ళు మూసుకొని చివరిదాకా విన్నాడు.

"బాగుండాది పాపా. ఇస్త్రీ చేసిన చొక్కా మాదిరుండాది," అన్నాడు. "లోపల మనిషే లేడు."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతనైతే నువ్వే చెయ్యమని మౌసు ఆయన చేతిలో పెట్టాను. ఆయన చేతిలో అది ఒక్క చోట నిలిస్తే కదా. బాణం గుర్తు స్క్రీన్ మూలకు పోయి దాక్కునేది. "ఇది యాడికి పోయింది?" అని మౌసును తిరగేసి కింద చూశాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట మాత్రం నాలో ముల్లులా ఉండిపోయింది, ఎందుకంటే అది నిజం.

ఆ మరుసటేడు బెంగుళూరు స్టూడియోవాళ్ళు కొత్త సామాను తెచ్చుకుంటూ పాత ఫేడర్ల బోర్డును అమ్మేస్తున్నారని తెలిసింది. మోటార్లున్న ఫేడర్లు. మౌసు అక్కరలేదు, చేత్తో జరిపిందే కంప్యూటరులోకి ఎక్కుతుంది. పోయి తెచ్చుకున్నాను. దెబ్బ తగలకుండా అమ్మ పాత దుప్పటిలో చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఎదురు సీట్లో ఉన్న ఆవిడ చాలాసేపు చూసి, "బిడ్డకు ఎన్ని నెల్లు మ్మా? ఒకటే నిద్ర పోతాండాదే," అంది. నిద్ర లేస్తే ఏడ్వదులే, పాడుతుందని చెప్పాను. ఆమెకేం అర్థమైందో ఏమో, హిందూపురం వచ్చేదాకా మళ్ళీ పలకలేదు.

నాయన ఆ బోర్డు ముందు కూర్చున్న మొదటి రోజు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ఎవరిదో భజన పాట పెట్టాను. ఫేడర్ల మీద వేళ్ళు పెట్టగానే ఆయన భుజాలు సర్దుకున్నాయి. ఇంకేమీ చెప్పాల్సిన పని పడలేదు. పాట అయిపోయాక వెనక్కి తిప్పి, చేతులు తీసెయ్యమని చెప్పి, మళ్ళీ పెట్టాను. ఫేడర్లు వాటంతటవే కదిలాయి. నాయన గబుక్కున కాళ్ళు పైకి తీసి కుర్చీలో పెట్టుకున్నాడు.

"ఎవరు పాపా జరుపుతాండేది?"

"నువ్వే నాయనా. ఇందాక నువ్వు జరిపిందే."

కాళ్ళు దించకుండానే అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. పాట సగానికి వచ్చాక, "ఇట్లనా నేను దిగేది? ఇంత నిదానంగానా?" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ చేతి మీద బతికిన మనిషి, ఆ చేయి పని ఎట్లా ఉంటుందో మొదటిసారి చూసుకున్నాడు. ఆ వారమంతా పెనుకొండ బస్టాండులో కనబడిన వాళ్ళకల్లా అదే చెప్పాడట.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు పెనుకొండ బస్సెక్కి వచ్చేవాడు. ఆ బోర్డు మీద కుడివైపు రెండు బటన్లుండేవి. ఒకటి పచ్చగా వెలుగుతుంది, దాన్ని రీడ్ అంటారు. అప్పుడు ఫేడర్లు రాసింది చదువుతాయంతే, చేయి తగిలినా ఏమీ కాదు. రెండోది ఎర్రగా వెలుగుతుంది, అది లాచ్. అప్పుడు వేలు తగిలితే చాలు, ఆ క్షణం నుంచి పాత కదలిక చెరిగిపోతుంది. వేలు తీసేసినా ఫేడరు వదిలిన చోటే ఆగిపోతుంది, పాట ముగిసేదాకా. పని చేసేటప్పుడు ఎరుపు, అయిపోగానే పచ్చ. తప్పు జరిగితే కీబోర్డు మీద రెండు మీటలు కలిపి నొక్కి వెనక్కి తెచ్చుకోవచ్చు. కానీ కంప్యూటరు ఆపేశామా, ఆ దారి మూసుకుపోయినట్టే.

నాయనకు పచ్చ బటన్ గుర్తుండేది కాదు. నేను గుర్తు చేసేదాన్ని. గుర్తు చెయ్యడమంటే నా పద్ధతిలో.

కనగానపల్లి దగ్గరి ఒక పల్లె నుంచి కూలి పనులకు పోయే ఆడవాళ్ళు ఒక జట్టుగా వచ్చారు. కలుపు తీసేటప్పుడు పాడుకునే పాట. వాన తమ చేలను దాటుకొని మడకశిర మీదుగా కన్నడ దేశానికి పోతోందని దాన్ని తిట్టే పాట. ముందు చెప్పేది ఒక అవ్వ. వెనకాల నలుగురు అందుకునేవాళ్ళు. తప్పెట ఒకరు, తాళాలు ఒకరు, హార్మోనియం ఒకరు. అన్నీ కలిపి సరిగ్గా ఎనిమిది ఫేడర్లు. మూడోది అవ్వ గొంతు. గొంతు కంచు గంటే గానీ ప్రతి పాదం చివర రెండు మాటలకు ఊపిరి చాలేది కాదు. ఆ రెండు మాటలు గాల్లో కలిసిపోయేవి.

నాయన ఆ పాటకు రెండు రోజులు కూర్చున్నాడు. మూడో రోజు పొద్దున జట్టంతా వినడానికి వచ్చారు. పాట పెట్టాను. రెండో చరణం నుంచి వెనకపాట మాయమైంది. నలుగురు ఆడవాళ్ళ గొంతులు లేవు. చూస్తే బటన్ ఎర్రగా ఉంది. ముందురోజు సాయంత్రం పని అయ్యాక నాయన చివరిసారి వింటూ, లాచ్‌లోనే ఉంచి, నీళ్ళచెంబు కోసం చేయి చాచాడు. చేతి వేళ్ళు వెనకపాట ఫేడర్లను కిందికి తోసుకుంటూ పోయాయి. నీళ్ళు తాగి బస్సుకు లేచాడు, మిగతా పాట ఎవరూ వినకుండానే చివరిదాకా నడిచింది. నేను చూడకుండా భద్రం చేసి కంప్యూటరు ఆపేశాను.

"ఎన్నిసార్లు చెప్పాల నాయనా నీకు? పని అయిపోతానే పచ్చ బటన్ నొక్కమని చెప్పినానా లేదా? ఇదేమన్నా నీ మైకుసెట్టు అనుకున్నావా, ఇష్టమొచ్చినట్టు తిప్పి లేచి పోయేకి?"

గదిలో ఎనిమిది మంది బయటివాళ్ళున్నారు. నాయన లేచి నిలబడ్డాడు.

"తప్పయిపోయింది మ్మా," అన్నాడు.

నన్నెప్పుడూ పాపా అని పిలిచే మనిషి, పరాయివాళ్ళతో అన్నట్టు మ్మా అన్నాడు. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాడు. అవ్వ నా వైపు చూసి, "కన్నతండ్రి మింద నోరు చేసుకుంటారా పాపా? అదీ మా ముందర," అంది. నాకు సిగ్గేసింది. అయినా లేచి పోయి ఆయన్ను పిలవలేదు. కాసేపటికి ఆయనే వచ్చాడు. "పెట్టు," అన్నాడు. అంతే.

ఆ రోజు వాళ్ళందరి ముందూ పాటంతా మొదటి నుంచి చేశాడు. మొదట అవ్వ గొంతు, తర్వాత వెనకపాట, చివర్న వాయిద్యాలు. ప్రతి పాదం చివర ఆ రెండు మాటలు రాబోతున్నాయనగా మూడో ఫేడరు వేలెడంత పైకి లేచేది, మాట పూర్తి కాగానే నిదానంగా దిగేది. అవ్వ తన గొంతు తనే వింటూ, "నాకింత ఊపిరి యాడిది?" అంది. పని అయ్యాక నాయన అందరూ చూసేట్టు పచ్చ బటన్ నొక్కి, నా వైపు చూశాడు. వెక్కిరింపు కాదు. సరిగ్గా నొక్కానా అని అడిగినట్టు చూశాడు. క్షమించమని నేను ఆ రోజు అడగలేదు, తర్వాతా చాన్నాళ్ళు అడగలేదు.

మరుసటి ఎండాకాలం మొదట్లో ధర్మవరంలో ఒక పట్టుబట్టల వ్యాపారి ఇంట్లో పెళ్ళికి మైకులు కట్టడానికి పోయాడు. ముహూర్తం పొద్దున. నాదస్వరం మైకు సరిచేస్తుంటే కుడిచేయి లేవలేదట. ఎవరికీ చెప్పకుండా ఎడంచేత్తో నాబు తిప్పుతూ, తాళి కట్టేదాకా, తలంబ్రాలు అయ్యేదాకా కూర్చున్నాడు. ఆ తర్వాత పక్కనున్నాయనతో, "అబ్బా, నాకు ఏందో అయితాండాది. చూడు," అన్నాడట. అప్పటికి మూతి కూడా వంకర పోయింది. శుభం జరిగే చోట అశుభం మాట ఎత్తకూడదని ఆయన పట్టుదల. డాక్టరు మాత్రం ఇంకొంచెం ముందే తెచ్చి ఉంటే అన్నాడు. ఆ మాట విన్నప్పుడు ఆయన మీద నాకు ఎంత కోపం వచ్చిందో, ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను.

అమ్మనూ నాయననూ హిందూపురం తెచ్చేసుకున్నాను. పెనుకొండ సామాను అమ్మేశాం. కాలు కొంత నయమై కర్ర పట్టుకొని నడిచాడు. మాట ముద్దగా వచ్చేది గానీ అర్థమయ్యేది. చేయి మాత్రం రాలేదు. రోజూ పదింటికి మెట్లెక్కి గదికి వచ్చి తన కుర్చీలో కూర్చొని, "పెట్టు," అనేవాడు. ఏ పాట అని అడగాల్సిన పని లేదు. అవ్వ పాట పెట్టేదాన్ని. ఎనిమిది ఫేడర్లూ లేచేవి, దిగేవి. ఆయన కళ్ళు మూడోదాని మీదే ఉండేవి. పాదం చివరికి వచ్చేసరికి అది లేచేది. ఆయన భుజం కూడా చొక్కా లోపల ఒక్క పిసరు కదిలినట్టు నాకు అనిపించేది. పాట అయిపోయాక ఒళ్ళో చేతిని ఎడంచేత్తో తీసి, కుర్చీ చేయి మీద పెట్టుకునేవాడు.

ఆయన ఇంటికి పోయాక నేనొక్కదాన్నే ఉన్నప్పుడు కూడా పెట్టుకునేదాన్ని. మనిషి బతికే ఉన్నాడు, రెండు వీధుల అవతల అమ్మ కలిపి పెట్టిన ముద్ద ఎడంచేత్తో తింటున్నాడు. అయినా నాకు ఆయన మీద బెంగ. ఆ చేయి మీద బెంగ. ఫేడర్లు కదులుతుంటే పక్కన ఆయన మునుపటి మాదిరి కూర్చొని, ఇస్త్రీ చొక్కా అని నన్ను దెప్పుతున్నట్టుండేది. సీడీలో ఉండేది ఆ పాట. ఇక్కడుండేది ఆయన.

అంత ప్రాణంగా చూసుకునేదాన్ని ఒక్క కాపీ తీసి పెట్టుకోవచ్చు కదా అంటే, రేపు, ఎల్లుండి అనుకుంటూ వచ్చాను.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాయనకు అన్నిటికన్నా పెద్ద పండగ. పెనుకొండలో ఉన్నప్పుడు యాంప్లిఫయర్లకు, హారన్లకు, చివరికి వైరు చుట్టలకు కూడా తనే పసుపూ కుంకుమా పెట్టేవాడు. బొట్టు పెట్టని పనిముట్టు ఎదురు తిరుగుతుందనేవాడు. ఆ రోజు గది కడిగి, కంప్యూటరుకూ మైకులకూ పూలు పెట్టాను. పెద్ద బంతిపూల దండను ఫేడర్లకు తగలకుండా బోర్డు కుడివైపు నుంచి ఎడమవైపుకు వేసి, జారిపోకుండా గట్టిగా అదిమాను. అవ్వ పాట పెట్టి, గంట మోత వినపడాలని స్పీకరు శబ్దం తగ్గించాను. ఫేడర్లు కదులుతున్నాయి. పూజలో అవి కదులుతుంటే బాగుంటుందని నేనే అనుకున్నాను.

నాయన కుంకుమ గిన్నె వైపు చూశాడు. ఎడంచేయి చాచాడు.

"ఎడంచేత్తో బొట్టేంది," అంది అమ్మ. తిట్టినట్టు కాదు, అలవాటుగా అనేసింది. ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు.

నేను పోయి ఆయన కుడిచేయి పట్టుకున్నాను. మణికట్టు కింద నా చేయి పెట్టి లేపి, ఉంగరపు వేలిని తడి పసుపులో ముంచి, మొదటి ఫేడరు మీద ఆనించాను. తర్వాత కుంకుమ. వేలు నిటారుగా నిలిచేది కాదు, ఒక్కోదానికి కాసేపు పట్టింది. చేయి బరువుగా, చల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు. ఆయన ఊపిరి నా చెవి పక్కనే వినబడుతోంది. ఎనిమిదీ అయ్యేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. నాయన ముఖం వెలిగిపోతోంది. ఆ ఏడు నెలల్లో అంత సంతోషంగా నేను ఆయన్ను చూడలేదు, నేనూ లేను.

అమ్మ గంట కొడుతూ హారతి ఇచ్చింది. నేను గుమ్మడికాయ దిష్టి తీసి, కిందికి పోయి వీధిలో కొట్టి వచ్చాను. పైకి వచ్చేసరికి పాట అయిపోయింది. కరెంటు ఎప్పుడు పోతుందోనన్న భయంతో రెండు నిమిషాలకోసారి భద్రం చేసుకునే అలవాటు నా వేళ్ళది. నాకు తెలియకుండానే నొక్కేశాయి. పూజ చేసిన రోజు పనిముట్లను ముట్టుకోకూడదు, వాటికి విశ్రాంతి. కంప్యూటరు ఆపేసి తాళం వేశాం.

మరునాడు పదింటికి నాయన వచ్చి కూర్చున్నాడు గానీ "పెట్టు," అనలేదు. నేనే పెట్టాను. అవ్వ గొంతెత్తింది, ఫేడర్లు లేచాయి. మొదటి చరణం సగంలో ఒకటోది ఆగింది. తర్వాత రెండోది. ఒకదాని వెనక ఒకటి, ఎడమ నుంచి కుడికి, కుంకుమ బొట్టుతో ఆగిపోయాయి. ఆ తర్వాత పాటంతా ఒక్కటీ కదల్లేదు. వాడిపోయిన బంతిపూలను పక్కకు తీశాను. కింద బటన్ ఎర్రగా వెలుగుతోంది. దండ అదిమినప్పుడు నొక్కుకుపోయింది. పూల కింద ఎరుపు ఎవరికి కనబడుతుంది?

"ఈ దండ ఈడ ఎవరు వేయమన్నారు?" అని అరిచాను. వేసింది నేనే. అమ్మ వాకిలి దగ్గర బిక్కచచ్చి నిలబడింది.

"నేనే పాపా," అన్నాడు నాయన. మాట తడబడుతోంది. "నిన్ననే చూసినా. నువ్వు గుమ్మడికాయ కొట్టేకి పోయినప్పుడు. అన్నీ నిల్చిపోయినాయి. నా చెయ్యి తగిలి చెడిపోయినాయని తెలిసింది. పండగ పూట నువ్వు అరుస్తావని చెప్పలే."

నేను మెట్లెక్కి వచ్చినప్పుడు ఆ ఒక్క మాట అని ఉంటే, రెండు మీటలు నొక్కితే అన్నీ వెనక్కి వచ్చేవి. అంతా వచ్చేది. ఆయనకు ఆ సంగతి తెలియదు. చెప్పలేకపోయింది మాట పడిపోయి కాదు. నేను అరుస్తానని. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఎనిమిది మంది ముందు తప్పయిపోయింది మ్మా అన్న రోజు నుంచి వచ్చింది.

ఆ రెండు మీటల సంగతి నేను ఆయనకు చెప్పలేదు. నా బతుకులో నోటిని కట్టేసుకున్నది అదే మొదటిసారి. కుర్చీ దగ్గర కింద కూర్చొని ఆయన మోకాలి మీద తల పెట్టుకున్నాను.

"నీ చెయ్యి కాదు నాయనా. నా చెయ్యే. దండ నేనే వేసింది. ఆ పొద్దు వాళ్ళందరి ముందర నిన్ను అట్ల అన్నేది కూడా తప్పే. అది చెప్పేకి నాకు ఇన్ని దినాలు పట్టింది."

ఆయన ఎడంచేయి నా తల మీద పెట్టాడు. ఏదో అన్నాడు, ఏడుపులో నాకు వినబడలేదు. అది తగ్గాక మళ్ళీ అన్నాడు. "ఇంగొకసారి పెట్టు."

పెట్టాను. ఒకటోది ఆగింది, రెండోది ఆగింది. మూడోదాని మీద ఆయన వేలు ఆనించిన చోటు వచ్చింది. అవ్వ పాదం చివరికి వస్తోంది, ఊపిరి అయిపోతోంది. ఆ రెండు మాటలకు ముందు, ఫేడరు వేలెడంత పైకి పోయి ఆగింది. నేను నెట్టలేదు. పూజ వేళ నా చేయి ఆయన మణికట్టు కిందే ఉండింది, వేలి దగ్గర కాదు. పాత కదలిక అయితే వేలు తగలగానే చెరిగిపోయి ఉండాలి. నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

"నువ్వేనా నాయనా?"

"తెల్దు పాపా," అన్నాడు. తన చేతిని చూసుకున్నాడు. అది ఒళ్ళో ఎప్పటిలాగే పడి ఉంది.

ఆయన ఆ మరుసటేడు పోయాడు. ఆ బోర్డు మోటార్లలో కొన్ని అరిగిపోయాయి, పని ఇప్పుడు వేరేదాని మీద చేస్తున్నాను. మూడో ఫేడరు మోటారు మాత్రం రెండుసార్లు బాగు చేయించాను. పాటను ఎన్ని చోట్ల కాపీ చేసి దాచానో లెక్కలేదు, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. చెరిగిపోయినదాన్ని మౌసుతో మళ్ళీ గీసుకోవచ్చు, సీడీ వింటూ. గీయలేదు. అవ్వ గొంతు ఆ పాదం దగ్గర వేలెడంత పైకి లేస్తుంది. అక్కడి నుంచి పాట చివరిదాకా దిగదు.

పచ్చ బటన్ వెలుగుతున్నంతసేపూ ముట్టుకున్నా ఏమీ కాదని నాకు తెలుసు. అది లేచేటప్పుడు వేలు పెట్టి, కింద నుంచి నెట్టే ఆ బలం ఎంతో చూడాలని ప్రతిసారీ అనిపిస్తుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటాను.